ఊపిరి లేని గొంతు

చీకట్లో అడుగుల చప్పుడు వినపడితే చెవి ముందుగా లెక్క పెడుతుంది. ఒక అడుగుకూ మరో అడుగుకూ మధ్య ఎంత ఎడముందో తనంతట తానే కొలుస్తుంది. మనిషి నడకలో ఆ కొలత ఎక్కడా నిలవదు. ఒక కాలు కాస్త ఈడుస్తుంది, చెప్పు జారుతుంది, గుమ్మం దగ్గర ఓ క్షణం ఆగుతుంది. మెట్ల మీద వస్తున్నది నాన్నో, పక్కింటి మామయ్యగారో తలుపు తీయకుండానే చిన్నప్పుడు చెప్పేసేవాళ్ళం. ఆ చిన్న చిన్న తేడాలే మనుషుల ఆనవాళ్ళు. మరి అడుగుల మధ్య ఎడం వెంట్రుకవాసి కూడా మారకపోతే? ఒకే బరువు, ఒకే వేగం. దూరం నుంచి దగ్గరికి, దగ్గర నుంచి ఇంకా దగ్గరికి. లెక్క పెడుతున్న చెవి అక్కడ ఆగిపోతుంది. భయం అక్కడే మొదలవుతుంది.

‘రోబోఫోబియా’ అనే ఇంగ్లిష్ శ్రవ్యనాటకం ఆ అడుగుల మీద నిలబడింది. బ్రిటన్‌లోని బిగ్ ఫినిష్ సంస్థ దాన్ని 2011లో విడుదల చేసింది. రచన నికొలస్ బ్రిగ్స్. బీబీసీ టెలివిజన్ వారి ‘డాక్టర్ హూ’ ధారావాహికలో 1977 జనవరి 29 నుంచి ఫిబ్రవరి 19 వరకు నాలుగు వారాలు వచ్చిన ‘ది రోబోట్స్ ఆఫ్ డెత్’ అనే కథకు ఇది ఉత్తరకథ. విన్న ప్రతిసారీ నాకు ఒకటే అనిపిస్తుంది. ఆ పాత కథ ముప్ఫై నాలుగేళ్ళ పాటు తన సొంత ఇంటి కోసం ఎదురుచూసింది. తెర మీద అది అద్దెకున్నది. చెవిలోకి వచ్చాకే ఇంటికి చేరింది.

ఈ మాట ఎందుకంటున్నానో చెప్పాలంటే ముందు 1977 కథలోకి వెళ్ళాలి. దాని రచయిత క్రిస్ బౌచర్. ఒక ఎడారి గ్రహం మీద, ఇసుక తుపానుల్లోంచి ఖనిజం పట్టే పెద్ద యంత్రనౌక తిరుగుతూ ఉంటుంది. పేరు స్టార్మ్ మైన్ 4. లోపల మనుషులు పట్టుమని పదిమంది కూడా లేరు. పనంతా రోబోలది. మనుషులు మెత్తని ఆసనాల్లో, నగిషీ తలపాగాల్లో, ముఖాలకు రంగులద్దుకుని చదరంగంలాంటి ఆటలాడుకుంటూ కాలం వెళ్ళబుచ్చుతారు. రోబోల ముఖాలు శిల్పుల చేతిలో తీరినట్టు అందంగా ఉంటాయి. పెదవుల మీద చిరునవ్వుకు ఇంకాస్త దూరంలో ఆగిపోయిన ప్రశాంతత. ఆ ప్రశాంతతతోనే అవి మెడ నులిమి చంపుతాయి.

కథ ఎలా మొదలవుతుందో చూడండి. ఒక పుకారుతో మొదలవుతుంది. కాల్డార్ నగరంలో ఎక్కడో వైద్యం చేసే ఒక రోబో దగ్గరికి మోచేయి పట్టేసిందని ఒక మనిషి వెళ్ళాడట, అది అతని చేతిని భుజం దాకా మెలితిప్పి ఊడబెరికిందట. చెప్పేవాడు నవ్వుతూ చెబుతాడు, వినేవాళ్ళు సగం నమ్మి సగం నమ్మక వింటారు. ఎవరూ చూడలేదు. అందరూ విన్నారు. రోబో భయం ఈ కథలోకి నోటిమాటగా వచ్చింది, చెవి దారిన వచ్చింది.

ఇంకా ముందుకు వెళితే ఆ రోబోల్లో మూడు తరగతులు. డమ్, వాక్, సూపర్ వాక్. డమ్ అంటే మూగది, పని చేస్తుంది, పలకదు. వాక్ మాట్లాడుతుంది. సూపర్ వాక్ మాట్లాడి, మిగతా వాటిని నడిపిస్తుంది. అంటే ఆ లోకంలో యంత్రాల కులభేదాన్ని మాటను బట్టి నిర్ణయించారు. బలాన్ని బట్టి కాదు, తెలివిని బట్టి కాదు, గొంతును బట్టి. ఆ ‘వాక్’ అనే పేరు తెలుగువాడి చెవిన పడితే ఒక క్షణం ఉలిక్కిపడతాడు. లాటిన్‌లో గొంతుకు వాడే ‘వోక్స్’ అనే మాట, మన సంస్కృతంలోని ‘వాక్’ ఒకే పురాతన ధాతువు నుంచి పుట్టిన అక్కాచెల్లెళ్ళు. బౌచర్ మన సంస్కృతాన్ని తలచుకుని పెట్టిన పేరని నేననను. కానీ ఆ పేరు వినగానే మనకు సరస్వతి గుర్తుకు రావడం, ఆ వెంటనే ఆ గొంతులో సరస్వతి లేదని తెలియడం, ఈ రెండూ ఒక తెలుగు శ్రోతకు దక్కే ప్రత్యేకమైన వణుకు.

ఆ కథలో డి84 అనే రోబో ఉంది. నాకు ప్రాణమైన పాత్ర. లెక్క ప్రకారం అది డమ్, మూగది. నిజానికి మాట్లాడగలదు. రహస్య పరిశోధన కోసం మూగదానిలా నటిస్తూ ఉంటుంది. అది ధారావాహిక కథానాయకుడైన డాక్టర్‌తో మొదటిసారి నోరు విప్పినప్పుడు చూసేవాడి గుండెలో ఏదో మెత్తబడుతుంది. ముఖం మారలేదు, కళ్ళు మారలేదు, ఒక గొంతు బయటికొచ్చింది, అంతే. అంతవరకూ యంత్రమనుకున్నది అప్పటి నుంచి ఎవరో ఒకరైపోయింది. చివరికి ఆ డి84 మిగతావాళ్ళ కోసం తనను తాను ఆర్పేసుకుంటుంది.

హంతకుడు టారెన్ కేపెల్. రోబోల మధ్య పెరిగినవాడు. వాటినే తోడబుట్టినవాళ్ళనుకున్నవాడు. మనుషుల చాకిరి నుంచి వాటిని విడిపిస్తానని, వాటిచేత మనుషులను చంపించాడు. అతని గొంతు వింటే తప్ప అవి ఆజ్ఞ పాటించవు. మరి అతన్ని ఎలా గెలిచారు? డాక్టర్ తెలివిగా హీలియం వాయువు వదిలించాడు. హీలియం గాలి కన్నా ఎంతో తేలిక, అందులో ధ్వని వేగంగా పరుగెడుతుంది, పీల్చినవాడి గొంతు పీలగా, కీచుగా మారిపోతుంది. కేపెల్ అరిచాడు. రోబో అతని గొంతును గుర్తుపట్టలేదు. తన దేవుణ్ణే మెడ నులిమి చంపింది. ముఖం ఎదురుగానే ఉంది, అయినా గుర్తుపట్టలేదు. గొంతు మారితే మనిషి మారినట్టే లెక్క. ఇంత స్పష్టంగా శబ్దం మీద ఆధారపడిన కథను టెలివిజన్ కోసం రాశారంటే ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది నాకు.

కేపెల్ అన్న పేరు గురించి ఒక మాట. అది చెక్ రచయిత కారెల్ చాపెక్‌కు నమస్కారం. ఆయన 1920లో రాసిన ‘ఆర్.యు.ఆర్.’ నాటకమే ప్రపంచానికి ‘రోబో’ అనే మాటనిచ్చింది. ఆ మాటకు మూలం ‘రోబోటా’. జమీందారు పొలంలో రైతు కూలి లేకుండా చేసి తీరవలసిన పనికి చెక్ భాషలో వాడుకలో ఉన్న మాట. తెలంగాణ పల్లెల్లో పెరిగినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. దాన్ని మనం వెట్టి అన్నాం. వెట్టి చేసేవాడి కళ్ళలోకి దొర సూటిగా చూడడు. చూస్తే నిద్ర పట్టదు. రోబో అంటే భయం పుట్టిన చోటు అక్కడేనని నాకనిపిస్తుంది. మనం ఎవరిచేత ఊరికే చాకిరి చేయించుకుంటామో వాళ్ళు ఏనాటికైనా మన మీద చేయెత్తుతారన్న భయం అది. పుట్టుకలోనే ఆ మాటలో నేరం ఉంది.

ఇక పోల్ అనే పాత్ర. 1977 కథలో రోబో భయానికి బలైన మనిషి. నెత్తురంటిన రోబో చేతిని చూసి మతి చెదిరి మూలకు ముడుచుకుపోతాడు. దీనికి డాక్టర్ చెప్పే కారణం నాకు ఎన్నటికీ మరుపురాదు. మనుషులు ఒకరితో ఒకరు మాటలతోనే కాక ఒంటి కదలికలతోనూ నిరంతరం మాట్లాడుకుంటారట. రోబోలకు ఆ ఒంటి భాష లేదు. వాటి మధ్య బతకడమంటే నడిచే, మాట్లాడే శవాల మధ్య బతకడమే. ఈ జబ్బుకు కథలో పెట్టిన పేరు గ్రిమ్‌వేడ్ సిండ్రోమ్. ఆ కథ నిర్మాణంలో పనిచేసిన పీటర్ గ్రిమ్‌వేడ్ పేరు దానికి పెట్టారు. వాడుకలో రోబోఫోబియా.

ఇక్కడికి వచ్చాం కనుక ఇప్పుడు ఉత్తరకథలోకి వద్దాం.

ఒంటి భాష లేకపోవడం వల్ల రోబో భయం పుడుతుందని 1977 కథ చెప్పింది. శ్రవ్యనాటకంలో ఎవరికీ ఒళ్ళు లేదు! రోబోకూ లేదు, మనిషికీ లేదు, డాక్టర్‌కూ లేదు. అందరూ ఉత్త గొంతులు. మనల్ని బ్రిగ్స్ ఒక చీకటిగదిలో కూర్చోబెట్టాడు. ఎవరి కనుబొమ్మ ఎప్పుడు ముడిపడిందో, ఎవరి చేయి ఎటు కదిలిందో తెలియదు. పోల్ ఏ లోకంలో ఉండి పిచ్చివాడయ్యాడో సరిగ్గా ఆ లోకంలో మనం ఉన్నాం. అతని జబ్బు మనకు అంటుకునేందుకు నాటకం మొదలైన మొదటి నిమిషం చాలు. భయాన్ని వర్ణించే కథలు వేలున్నాయి. వినేవాడిని ఆ భయానికి రోగిగా మార్చే ప్రక్రియను ఎంచుకున్న కథలు అరుదు.

కథ జరిగేది ఒక రవాణా నౌకలో. లక్షన్నరకు పైగా రోబోలను సరుకుగా ఎక్కించుకుని వెంటాలిస్ అనే గ్రహానికి వెళుతోంది. అన్నీ ఆపివేసి ఉన్నాయి, నిద్రలో ఉన్నట్టు నిలబడి ఉన్నాయి. అయితే భద్రతాధికారి ఫారెల్ చెవులకు దగ్గరవుతున్న అడుగుల చప్పుడు వినిపిస్తోంది. నౌక పేరు లోరెలై. ఆ పేరు దగ్గర నేను చాలాసేపు ఆగాను. జర్మనీలో రైన్ నది వంపు తిరిగే చోట ఆ పేరుతో ఎత్తైన కొండరాయి ఉంది. దాని మీద కూర్చుని పాడే ఒక సుందరి గొంతు విని పడవవాళ్ళు దారి తప్పి రాళ్ళకు కొట్టుకుని మునిగిపోయేవారని పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ కవులు ప్రచారంలోకి తెచ్చిన కథ. గొంతు విని చచ్చిపోవడం! రోబో గొంతుకు భయపడే నాటకంలో నౌకకు అంతకన్నా తగిన పేరు ఏముంటుంది? బ్రిగ్స్‌కు ఈ గంధర్వగానాల మీద మక్కువ పాతదే. బిగ్ ఫినిష్ 1999లో మొదలుపెట్టిన ‘డాక్టర్ హూ’ శ్రవ్యనాటకాల్లో తొలి నాటకం ఆయన రాసిందే, పాటతో పడవవాళ్ళను ముంచే సైరన్ల పేరు పెట్టుకున్న ‘ది సైరన్స్ ఆఫ్ టైమ్’. 2005 నుంచి టెలివిజన్ ధారావాహికలో డాలెక్‌లు అనే యంత్రరూప శత్రువుల గొంతూ ఆయనదే. యంత్రాలకు గొంతివ్వడం వృత్తిగా ఉన్న మనిషి యంత్రాల గొంతు మీద నాటకం రాశాడు. ఆ అనుభవం ప్రతి సన్నివేశంలో తెలుస్తుంది.

అసలు మర్మం ఇంకోచోట ఉంది. స్టార్మ్ మైన్ 4లో ఏం జరిగిందో నౌకలో ఎవరికీ తెలియదు. రోబోలు మనుషులను చంపిన సంగతి బయటికి పొక్కలేదు. ఆ లోకంలో రోబో మనిషిని చంపడమన్నది ఊహకు కూడా అందని మాట. మనకు తెలుసు. 1977 కథ చూసినవాళ్ళందరికీ తెలుసు. లోరెలైలో మొదటి శవం కనపడగానే మన వేలు ముందే రోబో వైపు చూపిస్తుంది. పాత్రలకన్నా మనకు ఎక్కువ తెలుసునన్న గర్వంతో, వాళ్ళ అమాయకత్వానికి జాలిపడుతూ వింటాం. ఎంత ఎక్కువ తెలిస్తే అంత ఎక్కువ భయం, ఎంత భయముంటే అంత తొందరపాటు తీర్పు. నాటకం సాగే కొద్దీ మన తెలివి మీద మనకే అనుమానం మొదలవుతుంది. ఈ నాటకంలో ముద్దాయి స్థానంలో ఉన్నది రోబోలా, భయమా? హంతకుడెవరో నేను చెప్పను. చెప్పడం నేరం. కానీ ఉత్తరకథ అంటే ఏమిటో ఈ ఒక్క ఎత్తుగడ నాకు నేర్పింది. మన భాషలో ‘ఉత్తరం’ అంటే తరువాతిది, ‘ఉత్తరం’ అంటే జవాబు. మొదటి కథ అడిగినదాన్నే మళ్ళీ ఇంకాస్త పెద్ద గొంతుతో అడిగే ఉత్తరకథలు మనకు సినిమాల్లో కొల్లలుగా ఉన్నాయి. ‘రోబోఫోబియా’ మొదటి కథకు జవాబు చెబుతుంది. ఆ జవాబు మొదటి కథను ప్రేమించినవాళ్ళను గుచ్చుతుంది.

ఇక రసం సంగతి.

భరతుడు భయానకరసానికి విభావాలు, అంటే దాన్ని పుట్టించే కారణాలు, లెక్కపెడుతూ మొట్టమొదట చెప్పింది వికృతరవం, అంటే రూపు చెడిన ధ్వని. భూతాల దర్శనం, నక్కలు, గుడ్లగూబలు, పాడిల్లు, అడవి, ఇవన్నీ దాని తరువాతే. నాటకాన్ని దృశ్యకావ్యమన్న సంప్రదాయానికి మూలపురుషుడు భయం దగ్గరికి వచ్చేసరికి చెవికి పెద్దపీట వేశాడు. ఆయన్ను తలచుకుంటూ ఈ నాటకం వింటే ఒక వింత తట్టింది. రోబో గొంతులో వికృతి లేదు. అదే భయంకరం. కోపం రాదు, కంగారు లేదు, మర్యాద తప్పదు. శవం పక్కన నిలబడి కూడా టీ కావాలా అని అడిగే నిదానంతోనే మాట్లాడుతుంది. అవికృతరవం కూడా భయానకానికి విభావం కాగలదని భరతుడు రాయలేదు. ఆయన కాలానికి అలాంటి గొంతు లేదు మరి. శాస్త్రానికి ఒక సూత్రం చేర్చే అర్హత నాకుంటే ఈ నాటకాన్ని ఉదాహరణగా చూపించి చేర్చేవాణ్ణి.

మనసులోని కదలిక బయటికి తేలే గుర్తులను భరతుడు సాత్విక భావాలన్నాడు, అవి ఎనిమిది. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. చెమట వినపడదు, రోమాంచం వినపడదు, ముఖం పాలిపోవడం వినపడదు. శ్రవ్యనాటకంలో నటుడికి పూర్తిగా దక్కేది స్వరభేదం ఒక్కటే. గొంతు వణకడం, పూడుకుపోవడం, మాట సగంలో విరగడం. మనిషి మీద నమ్మకమంతా ఆ ఒక్క దారం మీద వేలాడుతుంది. రోబోకు ఆ దారం లేదు. భరతుడే కాకువు, అంటే గొంతు విరుపు, గురించి చెబుతూ దాన్ని సాకాంక్షం, నిరాకాంక్షం అని రెండుగా విడదీశాడు. ఇంకా ఏదో చెప్పవలసి ఉన్నట్టు సాగే కంఠధ్వని మొదటిది, మాట ముగిసిందని తెలిపేది రెండోది. మనుషుల మాటలో ఎప్పుడూ మొదటిది ఎంతో కొంత తొణుకుతుంది. రోబో ప్రతి వాక్యమూ నిరాకాంక్షం. ఆ మాట తరువాత ఏమీ లేదు. ఆ మాట వెనక ఎవరూ లేరు. లేక ఉన్నారేమో, డి84 లాగా మూగనోము పట్టి ఉన్నారేమో అన్న సందేహం మిగులుతుంది. ఆ సందేహం భయాన్ని కరుణ దాకా తీసుకెళుతుంది.

ఈ వినికిడి విద్య నాకు ఇంగ్లిష్ నాటకాల వల్ల అబ్బింది కాదు. ఆకాశవాణి నాటికలు వింటూ పెరిగిన తరం మాది. హైదరాబాద్ కేంద్రం ప్రసారం చేసిన చలం ‘పురూరవ’లో శారదా శ్రీనివాసన్ ఊర్వశిగా పలికిన పలుకు విన్నవారికి నేను చెప్పేది వెంటనే తెలుస్తుంది. ఆవిడ వాక్యం మొదలుపెట్టడానికి ముందు ఒక ఊపిరి వినపడుతుంది. ఆ ఊపిరిలో ఊర్వశి మనసు ముందే వచ్చేస్తుంది, మాట తరువాత వస్తుంది. ఆమె దేవలోకానిది, మనిషి కాదు, అయినా ఆ ఊపిరి వల్ల మనకు అయినదైపోయింది. లోరెలై నౌకలో రోబో మాట్లాడినప్పుడు నా చెవి అలవాటు కొద్దీ ఆ ఊపిరి కోసం వెతికింది. దొరకలేదు. వాక్యం ఊపిరి లేకుండా మొదలై ఊపిరి లేకుండా ముగిసింది. ఆ క్షణాన నా ఒళ్ళు జలదరించింది. అక్కడ ఏ హత్యా జరగలేదు, ఏ అరుపూ వినపడలేదు.

నికోలా వాకర్ గురించి చెప్పకుండా ఈ నాటకం గురించి చెప్పినట్టు కాదు. నౌకలో వైద్యురాలు లివ్ చెంకాగా ఆమె పలికారు. బ్రిటిష్ టెలివిజన్‌లో ‘స్పూక్స్’ చూసినవారికి ఆ గొంతు పరిచితమే. కాస్త బొంగురు, అలసట దాచుకోని గొంతు. లివ్ భయపడుతుంది, కానీ భయాన్ని ఒక పొడి మాటతో కప్పేస్తుంది, ఆ మాట చివర గొంతు పిసరంత జారుతుంది. ఆ జారుడే ఆమె నటన. అడుగడుగునా స్వరభేదం. రోబోల నున్నటి గొంతుల మధ్య ఆమె గొంతు గరుకుగా, ఉతికిన నేతచీర తగిలినట్టు తగులుతుంది. పట్టుకోవడానికి అదొక్కటే మనకు ఆధారం. నాటకం బరువంతా ఆమె మీద వేసి, డాక్టర్‌ను నీడలో ఉంచడం బ్రిగ్స్ చేసిన మంచి పనుల్లో ఒకటి.

ఆ డాక్టర్ సిల్వెస్టర్ మెకాయ్. 1987 నుంచి 1989 వరకు టెలివిజన్‌లో ఏడో డాక్టర్‌గా కనిపించారు. 1977లో ఆ రోబోలను ఎదిరించింది టామ్ బేకర్ డాక్టర్. పాత్ర ఒకటే, ముఖం వేరు, గొంతు వేరు. గొంతు మారితే మనిషి మారినట్టే లెక్క అని హీలియం సన్నివేశం చెప్పింది కదా. మెకాయ్ గొంతు విన్నప్పుడు ఆ సన్నివేశం గుర్తుకొచ్చింది. టామ్ బేకర్‌ది గుడిగంట లాంటి గొంతు. మెకాయ్‌ది స్కాట్లాండ్ యాసలో రకారాలను నాలుక మీద దొర్లించే గొంతు, గుసగుసకూ గర్జనకూ మధ్య ఎప్పుడు ఎటు పోతుందో తెలియని గొంతు. అయినా లోపలున్నవాడు ఒక్కడేనని మనకు అనుమానం రాదు. రోబో గుర్తుపట్టలేకపోయిన దాన్ని మన చెవి గుర్తుపడుతుంది. మనిషి చెవికీ యంత్రం చెవికీ తేడా ఎక్కడుందో ఏ వాదనా లేకుండా ఈ పాత్ర పోషణే చూపిస్తుంది.

లోపం లేదనను. నాలుగో భాగంలో ముడులు విప్పే పని ఎక్కువై మాటలు బరువెక్కుతాయి. అంతవరకూ అడుగుల చప్పుడుతో, ఆగిన మాటతో చెప్పుకొచ్చిన నాటకం, చివర్లో నోరు తెరిచి వివరించడం మొదలుపెడుతుంది. నౌకలో జరిగే హడావుడి కొంత చెవికి చిక్కుపడుతుంది. అయినా అప్పటికే మనం చిక్కవలసిన చోట చిక్కుకున్నాం కనుక పెద్దగా పట్టించుకోం.

1970లో జపాన్ శాస్త్రవేత్త మసాహిరో మోరి ఒక చిన్న వ్యాసం రాశాడు. యంత్రం మనిషిని పోలే కొద్దీ మనకు దగ్గరవుతుంది, కానీ పోలిక దాదాపు పూర్తయ్యే చోట హఠాత్తుగా ఒక లోయ వస్తుంది, అక్కడ ఆత్మీయత వెగటుగా మారుతుంది అన్నాడు. కృత్రిమమైన చేతిని నిజమైన చేయనుకుని అందుకున్నప్పుడు తగిలే చల్లదనాన్ని ఉదాహరణగా ఇచ్చాడు. ఆయన లోయ కంటికీ చేతికీ సంబంధించింది. ‘రోబోఫోబియా’ ఆ లోయను చెవిలో తవ్వింది. మనకు రోబో అనగానే 2010లో వచ్చిన శంకర్ సినిమా గుర్తుకొస్తుంది. ఆ సినిమాలో వందలాది రోబోలు కలిసి బంతిలా, పాములా మారతాయి. అది కళ్ళకు జాతర, అదీ ఒక ఆనందమే. కానీ రాత్రి పడుకున్నాక అది మన వెంట రాదు. ఈ అడుగులు వస్తాయి.

ఇప్పుడు మన ఇళ్ళలో యంత్రాలు మాట్లాడుతున్నాయి. ఫోను మాట్లాడుతుంది, అల్మరా మీది డబ్బా మాట్లాడుతుంది, బ్యాంకుకు ఫోను చేస్తే అవతల తెలుగులో మర్యాదగా మాట్లాడే గొంతు మనిషిదో కాదో మొదటి వాక్యానికి తెలియదు. ఈమధ్య ఒకరోజు అలాంటి ఒక గొంతుతో రెండు నిమిషాలు మాట్లాడాక, నేను ఎదురుచూస్తున్నది జవాబు కోసం కాదని, ఊపిరి కోసమని గ్రహించాను. 2011లో బ్రిగ్స్ ఈ నాటకం రాసేనాటికి ఈ గొంతులు ఇంకా మన వంటింటిదాకా రాలేదు. ఆ నాటకం ఇప్పుడు వింటే భవిష్యత్తు కథలా అనిపించదు. పక్కగదిలోంచి వినపడుతున్నట్టుంటుంది.

అయితే దీని వల్ల నాకు మిగిలింది భయమొక్కటే కాదు. లక్షన్నర రోబోలు ఆపివేసిన స్థితిలో నిలబడి ఉన్న ఆ నౌక గర్భం తలచుకుంటే, రెండోసారి విన్నప్పటి నుంచి నాకు భయం కన్నా దిగులు ఎక్కువ. పాపం, అవి ఏ పనికి పోతున్నాయో వాటికి తెలియదు. తమ మీద ఎవరికి ఏ అనుమానమో తెలియదు. తమ తరఫున ఒక మాట చెప్పుకోవాలని కూడా తెలియదు. వెట్టి చేసినవాళ్ళ మౌనం అలాగే ఉండేది. ఒక భయానకరస నాటకం చివరికి కరుణ దగ్గర నిలబెట్టడం, అదీ యంత్రాల పట్ల కరుణ దగ్గర, చిన్న సంగతి కాదు. చాపెక్ నాటకానికి వారసుల్లో కొందరే చేరుకున్న చోటు అది. ఈ నాటకం చేరుకుంది.

లివ్ గొంతు శ్రోతలకూ నచ్చి ఉండాలి. ఒక్క నాటకం కోసం పుట్టించిన లివ్ చెంకా అక్కడితో ఆగలేదు. 2014లో ‘డార్క్ ఐస్ 2’లో ఎనిమిదో డాక్టర్ పాల్ మెక్‌గాన్ పక్కన మళ్ళీ వచ్చింది. 2019 నుంచి ‘ది రోబోట్స్’ అనే సొంత ధారావాహికలో సోదరి టూలాతో కలిసి కాల్డార్ నగరంలోనే, ఆ రోబోల మధ్యే, నడిచింది.

ముందు 1977 కథ చూడండి. డి84 మాట్లాడే సన్నివేశం, హీలియం సన్నివేశం మనసులో పెట్టుకోండి. ఆ తరువాత ఒక రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక దీపం ఆర్పి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ‘రోబోఫోబియా’ వినండి. బస్సులో వినకండి, వంట చేస్తూ వినకండి. ఎవరు మాట్లాడుతున్నా సరే, మాటకు ముందు ఊపిరి ఉందో లేదో వినండి.